ఇన్‌ఛార్జి కూతురు

కొత్తసింగవరం పట్టణంలో ఎవరింట్లోనైనా పిల్ల కనిపించకుండా పోతే, మర్నాడు ఆఫీసులు తెరిచే వేళకల్లా ఆ స్థానంలో ఇన్‌ఛార్జి పిల్లను నియమిస్తారు. స్థానం ఖాళీగా ఉండకూడదన్నది అక్కడి పరిపాలనకి ప్రాణం. మనిషికి ప్రాణం ఉన్నా పోయినా సర్దుకోవచ్చు, స్థానానికి మాత్రం మనిషి ఉండాలి. అందుచేత కుసుమ కూతురు లిఖిత మాయమైన మర్నాడు, పశువుల ఆసుపత్రిలో గుమాస్తాగా చేస్తున్న పెరుమాళ్ళయ్య, యాభై దాటిన గుబురు మీసాల మనిషి, భుజాన స్కూలు బ్యాగుతో గుమ్మంలో నిలబడి "అమ్మా, ఆకలి" అంటే వీధిలో ఎవరూ కిటికీలోంచైనా తొంగిచూడలేదు.

లిఖిత పోయిన తీరులోనూ చెప్పుకోదగ్గ విశేషం లేదు. మూడో తరగతి పిల్ల. సాయంత్రం అరుగు మీద కూర్చుని మరమరాలు తింటోంది. కుక్కరు కూతపెడితే కుసుమ లోపలికెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. అరుగు మీద గిన్నె ఉంది, ఎడమకాలి చెప్పు ఉంది. పిల్ల లేదు. ఎవరూ ఏమీ చూడలేదు. వీధికుక్క కూడా మొరగలేదు.

కుసుమ పోలీసు స్టేషనుకి పరుగెత్తి "లిఖిత పోయిందండీ" అని ఏడ్చింది.

"లిఖితపూర్వకంగానే ఇవ్వాలమ్మా, నోటిమాట చెల్లదు" అన్నాడు బల్ల వెనక ఉన్నాయన.

"కాదండీ! లిఖిత మా అమ్మాయి!"

"అమ్మాయి చేతే రాయించండి. దస్తూరీ బావుంటే చాలు."

పేరేదో, పోయిందేదో విడదీసి చెప్పేసరికి ఆవిడ గొంతు పోయింది. ఆయన ఇన్‌ఛార్జి ఎస్సై. అసలు ఉద్యోగం చేపల శాఖలో. "కంగారుపడకండి, వల వేసి పట్టేద్దాం. పిల్ల బరువెంత ఉంటుంది?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"ముందు కాలవగట్టు వెతికించండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

"వెతకాలంటే ఖాళీ ఉండాలి కదమ్మా? పొద్దున్నకల్లా మీ ఇంట్లో ఖాళీ ఉండదాయె."

"అసలు ఎస్సైగారిని పిలవండి."

"ఆయన సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు."

"మరి ఆయన్నీ వెతకలేదా?"

"ఎందుకూ, నేనున్నానుగా!"

పెరుమాళ్ళయ్య పనిమంతుడు. పొద్దున్నే లేచి ఎక్కాలు వల్లించేవాడు. బడిలో చివరి బల్ల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాడు. అక్కడి పంతులమ్మ కూడా ఇన్‌ఛార్జే, బస్సు కండక్టరు. హాజరు పిలిచి "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటూ క్లాసుని వెనక్కి నడిపించేది. ఇంటికొచ్చాక పెరుమాళ్ళయ్య రిబ్బను చేతపట్టుకుని తల్లి ముందు చతికిలబడేవాడు. రెండు జడలు వెయ్యడానికి అక్కడ రెండు వెంట్రుకలుంటే కదా. అయినా కుసుమ దువ్వెన తెచ్చేది. పాలు ఇస్తే మీగడతో సహా తాగి మీసం తుడుచుకునేవాడు. లిఖిత అయితే మీగడ తేలితే గ్లాసు ముట్టుకునేది కాదు. వడగట్టి ఇవ్వాల్సిందే. ఆ వడగట్టే జల్లెడని కుసుమ రోజూ కడిగి పెట్టుకునేది.

"పిల్ల బాగా దారిలో పడిందే" అన్నాడు మొగుడు శేషాచలం, మార్కులు చూసి. "లెక్కల్లో ఇంతకుముందు ఎప్పుడైనా ఇన్నొచ్చాయా?"

"అది మన పిల్ల కాదండీ."

"ఎవరన్నారు మనదని? ఇన్‌ఛార్జి. మా ఆఫీసులో నేను రెండు సీట్లకి ఇన్‌ఛార్జిని. ఆ సీట్లవాళ్ళని ఎవరైనా అడుగుతున్నారా? నువ్వూ అలవాటు చేసుకో."

కుసుమకి అలవాటు కానిది ఒక్కటే. పడుకునేముందు వీధి తలుపు గడియ తీసి ఉంచేది, పిల్ల వస్తే తట్టకుండా రావాలని. పెరుమాళ్ళయ్య బాధ్యత గల కూతురు కాబట్టి వెళ్ళి గడియ పెట్టేవాడు. "అందరం లోపలే ఉన్నాం కదమ్మా, దొంగలొస్తారు" అనేవాడు. ఆవిడ మళ్ళీ తీసేది. అతను మళ్ళీ పెట్టేవాడు. గడియ గడియకీ ఇదే గొడవ.

ఇక ఎవరూ వెతకరని తేలాక కుసుమ ఆ ఎడమ చెప్పుని సంచిలో వేసుకుని తనే బయల్దేరింది. కాలవగట్టు, సంత, బస్టాండు. ఒక గాజులావిడ, పొరుగూళ్ళో ఒంటికాలి చెప్పుతో తిరిగే పిల్లని చూశానంది. కుసుమ ఆ ఊరు వెళ్ళింది. ఆ పిల్ల కాలికి చెప్పు సరిపోయింది. పిల్ల మాత్రం లిఖిత కాదు. చివరి బస్సు తప్పిపోయి, ఇల్లు చేరేసరికి మర్నాటి సాయంత్రమైంది.

అరుగు మీద ఎవరో ఆవిడ, కుసుమ నేతచీర కట్టుకుని, పెరుమాళ్ళయ్య తలకి నూనె రాస్తోంది.

"ఎవరు కావాలమ్మా?" అంది.

"నేను కుసుమని. ఇది మా ఇల్లు."

"అయ్యో, నేనూ కుసుమనేనండీ. ఇన్‌ఛార్జిని. స్టాంపుల ఆఫీసు నుంచి వేశారు."

"అమ్మా!" అన్నాడు పెరుమాళ్ళయ్య. ఇద్దరూ తిరిగి చూశారు. అతను ఇన్‌ఛార్జి ఆవిడ వైపే చూశాడు.

వీధి వీధంతా పోగైంది. ఒక్క ఇంటికి ఇద్దరు కుసుమలేమిటని గగ్గోలు. శేషాచలం బయటికొచ్చాడు. "అది కాదే..." అని, పక్కనున్నావిడని చూసి, "కాదండీ" అని దిద్దుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా విషయం విడమరిచాడు. నిన్న భోజనాల వేళకి తల్లి స్థానం ఖాళీ అయింది. పొద్దున్నే భర్తీ అయింది. ఖాళీ లేదు కాబట్టి ఈవిడ తప్పిపోలేదు. తప్పిపోలేదు కాబట్టి తిరిగి రావడమన్నది లేదు. తిరిగి రాలేదు కాబట్టి ఇక్కడ లేరు.

"అంతేనా! ఏమిటో అనుకుని హడలి చచ్చాం" అంది ఎదురింటి రామాయమ్మగారు. జనం తేలికపడి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

"మరి నన్నెవరు వెతుకుతారు?" అంది కుసుమ.

"మీరు ఇంట్లోనే ఉన్నారుగా" అంది ఇన్‌ఛార్జి కుసుమ, చాలా మర్యాదగా.

కుసుమ ఒక్క క్షణం ఆలోచించి తలూపింది. కాదనడానికి ఏమీ కనిపించలేదు. "ఆ గడియ మాత్రం పెట్టకండమ్మా, పిల్ల వస్తే..." అంది.

"అందరం లోపలే ఉన్నాం" అన్నారు వాళ్ళు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

ఆ చప్పుడు విన్నాక కుసుమకి తోచింది: పిల్ల పోయిన తర్వాత మొదటిసారి, తనూ లిఖితా తలుపుకి ఒకే వైపున ఉన్నారు. సంచిలో చెప్పు ఉందో లేదో తడిమి చూసుకుని, ఆవిడ వీధిలోకి నడిచింది.