నూటికి పన్నెండు

2002 జూన్‌లో ఆ సోమవారం పొద్దున డాక్టర్ కోమలి వేసుకున్న పథకం చాలా సులువైనది. చెవిలో హోరు మీద రాస్తున్న థీసిస్ కోసం పదిమంది రోగులను రెండోసారి ప్రశ్నలడగాలి, మధ్యాహ్నానికల్లా ఆ కాగితాలు తిరుపతి ఆస్పత్రిలో ప్రొఫెసర్ యోగానంద బల్ల మీద పెట్టాలి. తప్పితే ఆర్నెల్లు ఆగాల్సిందే. ఇరవై అయిదు ప్రశ్నలు, నూరు మార్కులు. హోరు బతుకును ఎంత పాడుచేస్తే అన్ని మార్కులు.

మొదట వచ్చినవాడు పలమనేరు రిటైర్డ్ లెక్కల అయ్యవారు మునివెంకటప్ప. వైద్యానికి ముందు ఆయనకు వచ్చినవి అరవై నాలుగు మార్కులు. ఇప్పుడు కూడి చూసిన కోమలి ఆనందం పట్టలేక కేకేసింది.

"సార్, మీకు పన్నెండే వచ్చింది!"

వరండాలో బెంచీ మీదున్న తొమ్మిదిమందీ తలలు తిప్పారు. అయ్యవారి మొహం పాలిపోయింది.

"నూటికి పన్నెండా? నా క్లాసులో మొద్దోనికి గూడా ముప్పై అయిదు వేసినానమ్మా! మళ్లా దిద్దు."

"తక్కువొస్తేనే మంచిది సార్."

"ఫెయిలైనోళ్ల నాయనలకు నేను గూడా ఇట్లే సర్దిచెప్పేవాణ్ణి."

ఆయన బయటికొచ్చి కూలబడ్డాడు. అయ్యవారే తప్పితే తమ గతేమిటని బెంచీ అంతా బెదిరింది. తిరుచానూరులో పూలమ్మే దేవకమ్మ చేతులు కట్టుకుని లోపలికి వచ్చింది.

"హోరు వల్ల కోపం వస్తోందా?"

"ఎంతొస్తే పాసో అంత వస్తాదని రాసుకో తల్లీ."

తర్వాతివాళ్లు ప్రశ్న పూర్తికాకముందే అవునన్నారు. తొంభై రెండు, తొంభై ఆరు... కూరగాయల ఆదిమూలం నూటికి నూరు తెచ్చుకుని అందరితో చేతులు కలిపాడు. లెక్క ప్రకారం కోమలి వైద్యం తొమ్మిదిమందిని ముంచింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

గోరుచుట్టు మీద రోకటిపోటులా యోగానంద అప్పుడే వచ్చాడు. అయ్యవారు మళ్లీ దిద్దమని అర్జీ రాస్తున్నాడు. ఆదిమూలం ఆయనకు ట్యూషన్ చెప్తున్నాడు. సంగతి విని యోగానంద నవ్వాపుకున్నాడు.

"అయ్యవారూ, షుగర్ పరీక్షలో మూడొందలొస్తే క్లాసు ఫస్టా?"

అయ్యవారు పెన్ను మూశాడు. "ఓహో, ఇది ఆ లెక్కా? ఆదిమూలం, నువ్వు ఫెయిలప్పా!"

"ఇంతకూ ఈ గంటసేపు హోరు ఎట్లుండింది?" అన్నాడు యోగానంద.



"ఈ మార్కుల గలాటాలో మరిసేపోయినాం సామీ!" అంది దేవకమ్మ. కోమలి ఎగిరి గంతేసినంత పనిచేసింది. అంతలో దేవకమ్మ చెవి మీద చెయ్యేసుకుంది. "నువ్వు అడిగినావు, మళ్లా మొదలైంది సూడు!"

కోమలి అందర్నీ మళ్లీ అడిగింది. లోపలి జవాబులు బయటికి పొక్కకుండా అయ్యవారే గుమ్మంలో కాపలా నిలబడ్డాడు. ఈసారి నిజాలే వచ్చాయి, మార్కులూ నిజంగానే తగ్గాయి. థీసిస్ టైముకు చేరింది. చివరి పేజీలో కోమలి ఒకే సలహా రాసింది: రోగికి మార్కులు చెప్పరాదు, రోగి అయ్యవారైతే మొహంలో కూడా చూపించరాదు.