నలభై ఏడో నంబరు మనశ్శాంతి

ఆ రోజు పొద్దున డాక్టరుగారి పథకం చాలా చిన్నది. పదకొండు గంటల దాకా నలభై ఏడో నంబరు ఆవుకి చిరాకు కలగకూడదు. అంతే.

డాక్టరుగారు పశు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. మేలుజాతి ఆవు అండాశయం నుంచి సూదితో గుడ్లు లాగి, గాజుపళ్లెంలో పిండంగా ఎదిగించి, మామూలు ఆవు గర్భంలో పెట్టడం ఆయన పని. పేచీ అంతా గుడ్ల నాణ్యత దగ్గర వచ్చింది. మంచి గుడ్డు చుట్టూ కణాలు గుత్తిలా ముసురుకుని ఉంటాయి. ఆయన వరసగా మూడుసార్లు తీసినవన్నీ గుండు గీయించుకున్నట్టు బోడిగా వచ్చాయి. నాలుగోసారీ బోడివే వస్తే ప్రాజెక్టు మూసేస్తానని డైరెక్టరుగారు చెప్పేశారు. ఆ నాలుగోసారి ఇవాళే. పైగా చూడటానికి ఆయనే వస్తున్నారు.

ఒత్తిడి వల్ల గుడ్లు పాడవుతాయని డాక్టరుగారు చదివారు. అందుకని లేవగానే కూతురి గదిలోకి వెళ్లి బల్లమీది ఫ్యాను పీకారు.

"నాన్నా! నేను చదువుకుంటున్నా!"

"ఒక్క పూటేనమ్మా. పాపం, దానికి ఒత్తిడి ఉండకూడదు."

"మరి నాకో?"

అడగాల్సిన ప్రశ్నే. డాక్టరుగారు రెండు నెలలు సెలవు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని, చేత్తో గడియారం పట్టుకుని మరీ ఆ పిల్లని ప్రవేశపరీక్షకి చదివించారు. పది రోజుల కిందటే మళ్లీ ఉద్యోగంలో చేరారు. మొన్న ఫలితం వచ్చింది. ర్యాంకెంతో ఇంట్లో ఎవరూ పైకి అనరు. పిల్ల మళ్లీ రాయబోతోంది.

"ఫ్యానుతో ఆపుతారా, నా పరుపు కూడా మోసుకెళ్తారా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

డాక్టరుగారు ఓ క్షణం ఆలోచించారు. "వద్దులే, అక్కడ రబ్బరు చాప ఉంది" అన్నారు.

ఎనిమిదింటికల్లా కేంద్రం గేటు మీద కాగితం వెలిసింది. లోపల మాటలు, చెప్పులు, ఫోన్లు, హారన్లు నిషేధం. నోరు విప్పినవాళ్లకి మెమో. పోయిన నెలే ఓ మెమో అందుకున్న గేటు కాపలాదారు అప్పుడే నోరు మూసేశాడు.

తర్వాత వంతు ఆవుని చూసుకునే పెద్దాయనది. దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచీ పెంచింది ఆయనే. డాక్టరుగారు ఆయన చేతిలో వాసన సబ్బు, కొత్త తెల్లకోటు పెట్టారు.

"ఆ పాత తువ్వాలు తీసెయ్. ఆ కంపుకే దానికి సగం ఒత్తిడి."

"ఈ కంపుకేనండీ అది నా మాట వినేది."

"నువ్వు చదివావా, నేను చదివానా?"

పెద్దాయన స్నానం చేసి, ఘుమఘుమలాడుతూ వచ్చాడు. ఆవు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, రెండడుగులు వెనక్కి వేసి బుస్సుమంది.

"చూశావా? నీ మొహంలో కంగారు దానికి తెలిసిపోతోంది. నవ్వు."

"దేనికండీ?"

"దేనికైతే నీకెందుకు? నవ్వు!"

పెద్దాయన నవ్వాడు. ఆవు గోడకి అతుక్కుపోయింది. ఇక లాభం లేదని, ప్రశాంతత అంటే ఏమిటో దానికి తనే చూపించాలని, డాక్టరుగారు దాని పక్కనే రబ్బరు చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా ఊపిరి తీయసాగారు. ఫ్యాను తిరుగుతోంది.

పదింటికి డైరెక్టరుగారి కారు వచ్చింది. కాపలాదారు పెదవుల మీద వేలు పెట్టి, ఆయన బూట్ల వైపు చూపించాడు. ఆయన అయోమయంగా విప్పారు. లోపల అందరూ వట్టికాళ్లతో తలలు వంచుకుని తిరుగుతున్నారు. జలుబుతో గుమస్తా కళ్లు తుడుచుకుంటున్నాడు. డైరెక్టరుగారికి అది చావు జరిగిన ఇల్లులా అనిపించింది.

"ఎవరు?" అన్నారు గొంతు తగ్గించి.

కాపలాదారు డాక్టరుగారి గది చూపించాడు. ఆ ఆజ్ఞ ఇచ్చింది ఎవరని అడుగుతున్నారనుకున్నాడు. గదిలో ఖాళీ కుర్చీ, దాని మీద వేలాడుతూ కోటు.

"ఎప్పుడు?"

కాపలాదారు ఎనిమిది వేళ్లు చూపించాడు.

గోడ మీద డాక్టరుగారు స్వయంగా రాసి తగిలించిన పటం ఉంది. 'ఇవాళ తీసే గుడ్డు రెండు మూడు నెలల ముందు నుంచీ ఎదుగుతూ వచ్చినదే. దాని బాగోగులు అప్పుడే తేలిపోతాయి.' డైరెక్టరుగారు అక్షరం అక్షరం చదివారు. "ప్రాజెక్టు మూసేస్తానని అనకుండా ఉండాల్సింది. ఆ మాటే ప్రాణం తీసింది" అనుకున్నారు. డ్రైవర్ని పూలచక్రానికి పంపించి, గేటు బయటికి వెళ్లి డాక్టరుగారి ఇంటికి ఫోను చేశారు.

"అమ్మా, గుండె దిటవు చేసుకోండి. మీరు వెంటనే బయల్దేరి రావాలి."

భార్య, కూతురు దొరికిన బండి ఎక్కి వచ్చిపడ్డారు. "ఎక్కడున్నారండీ ఆయన?" అంటే కాపలాదారు షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. పెదవుల మీద వేలు పెట్టాడు కానీ, ఆవిడ మెమోలకి భయపడే మనిషి కాదు. వెనకే డైరెక్టరుగారూ వచ్చారు.

షెడ్డులో భర్త వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. పక్కన తెల్లకోటు మనిషి నవ్వుతున్నాడు.

ఆవిడ పెట్టిన కేకకి పైకప్పు రేకులు మోగాయి. ఆవు తాడు తెంపుకుంది. ఫ్యాను దాని కాళ్ల కింద నలిగింది. డాక్టరుగారు దిగ్గున లేచి, "ష్! దానికి ఒత్తిడి!" అన్నారు.

"బతికే ఉన్నారా!" ఆవిడ ఏడుపు నడిమధ్యలోనే తిట్లయింది. "ఇంట్లో ఫ్యాను లేకుండా చేసి, ఇక్కడికొచ్చి పడుకున్నారా? సిగ్గుండాలి!"

"నాన్నా, అది నా ఫ్యాను..." అంది కూతురు.

సరిగ్గా అప్పుడే పూలచక్రంతో డ్రైవరు లోపలికి అడుగుపెట్టాడు. ఆవు అతని మీదికి దూకింది. అతను చక్రం వదిలి పారిపోతే, అది నిలబడి పూలన్నీ నింపాదిగా నమిలింది. పెద్దాయన తెల్లకోటు విసిరికొట్టి, పాత తువ్వాలు మెడలో వేసుకుని, "ఏమే దొంగమొహమా! పొద్దున్నుంచీ ఏంటే నీ వేషాలు? నడు!" అని అరిచాడు. ఆవు తల వంచుకుని వెళ్లి, పరీక్షలు చేసే ఇనుప చట్రంలో బుద్ధిగా నిలబడింది.

డాక్టరుగారు సూది పెట్టారు. సూక్ష్మదర్శినిలో చూస్తే పద్నాలుగు గుడ్లు. పన్నెండింటి చుట్టూ కణాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"చూశారా సార్!" డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. "పొద్దున్నుంచీ నేను పడ్డ శ్రమకి ఫలితం ఇదీ!"

సాక్సుల నిండా పేడతో డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు. "నీ గోడ మీద పటం చదివానయ్యా. చాలాసేపు చదివాను. ఈ గుడ్ల సంగతి రెండు నెలల కిందటే తేలిపోయింది కదా. అప్పుడు నువ్వేం చేశావు?"

"సెలవులో ఉన్నాను సార్. అమ్మాయి పరీక్షలు."

డైరెక్టరుగారు పెద్దాయన వైపు తిరిగారు. "నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. అంతకుముందైతే సారు పూటకోసారి జ్వరం చూసి, వారానికోసారి మేత మార్చేవారు. సారు లేరు కదా అని మేతేసి, నీళ్లు పెట్టి, దాని మానాన దాన్ని వదిలేశాను."

డైరెక్టరుగారు అక్కడికక్కడే కాగితం తెప్పించుకుని రాశారు. ప్రాజెక్టు కొనసాగించవచ్చు. దాని ప్రయోజనం దృష్ట్యా డాక్టరుగారికి రేపటి నుంచే రెండు నెలల సెలవు.

ఆ సాయంత్రమే కూతురు హాస్టలు సీటుకి దరఖాస్తు పెట్టింది.