ట్యాంకు మీది ఓడరేవు

ఆదివారం పొద్దున సుందర్‌రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థనకు పోయిన భార్య తిరిగి వచ్చేలోగా మిద్దె మీది నీళ్ల ట్యాంకు పక్కన ఒక గొట్టం నిలబెట్టాలి, సముద్రంలో పోయే ఓడను ఒక్కదాన్నైనా పట్టాలి, ఆ తర్వాత కూర పొయ్యి మీద పెట్టాలి. ఇందులో కూర ఒక్కటే అయ్యే పని. ఎందుకంటే ఇల్లున్నది గుమ్మడిదల పక్కన, సముద్రమున్నది రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ రానంత దూరాన. తీరం లేని ఊళ్లో తీరిక ఉన్న మనిషి ఇంకేం చేస్తాడు!

సుందర్‌రాజు పటాన్‌చెరులో ఫ్యాన్ల ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్. వారమంతా ఊరికి గాలి పంచేవాడు కనుక, ఆదివారమైనా ఆ గాలిలో ఏముందో చూడాలని అతని కోరిక. కాకినాడ రేవులో పనిచేసే బావమరిది ఎబెనేజర్ ఫోన్లో బాగా ఎక్కించాడు. ప్రతి ఓడా తన పేరు, వేగం, పోయే దిక్కు రేడియోలో చెప్పుకుంటూ పోతుందట. బొటనవేలంత రేడియో ముక్కను ల్యాప్‌టాప్‌కు గుచ్చి యాంటెన్నా తగిలిస్తే ఆ ఓడలన్నీ పటం మీద చుక్కలై కనబడతాయట. గాలి అనుకూలిస్తే ఒక్కోసారి వందల కిలోమీటర్ల నుంచి కూడా పడతాయన్నాడు. అందులో ‘ఒక్కోసారి’ అన్న ముక్క మాత్రం సుందర్‌రాజు చెవికి అనుకూలించలేదు.

ఆ ఊళ్లో గాలి అనుకూలించడమే కష్టం. ఊరి వెనక ఒక మందుల కంపెనీ ఉంది. జనం దాన్ని ‘అత్తరు కంపెనీ’ అంటారు. పేరులోనే కంపు ఉంది, దాన్ని నిలబెట్టుకోవాలని కాబోలు, చీకటి పడగానే గుప్పున వదిలేది. భార్య సువార్తమ్మ విసిగిపోయి, ఇల్లు అమ్మేసి అమీన్‌పూర్‌లో కిరాయికి పోదామని తేల్చి చెప్పింది. ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు కూడా రాయించింది. తగిలించడమే తరువాయి. ప్రతి తీగా తన చేత్తో లాగిన ఇల్లు. దాన్ని వదలడమంటే సుందర్‌రాజుకు ఫ్యూజు పీకినట్టే.

యాంటెన్నా కడ్డీలను కోతులు వంచకుండా తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలో దాచాడు. రేడియోను పాత మోటారు స్టార్టర్ డబ్బాలో పెట్టాడు. డబ్బా కంతలోంచి పచ్చలైటు మిణుకుమంది. తీగ కిందికి లాగి, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ఓడలు సున్నా. సిగ్నల్ రాలేదు గానీ సిగ్గు నిండా వచ్చింది.

ఆ ఊళ్లో మిద్దె మీద గొట్టం, డబ్బా, లైటు కలిస్తే ఒకటే అర్థం. మునుపొకసారి అధికారులు పంచాయతీ మిద్దె మీద అచ్చం ఇలాంటి సరంజామానే బిగించి పొగను కొలిచారు. కొలిచినన్నాళ్లూ కంపెనీ గుక్క బిగబట్టి కూర్చుంది. తీసుకుపోయిన సాయంత్రమే తుమ్మింది. అందుకే పక్కింటి యాదన్న గోడ మీంచి తల పెట్టి చూసి గొంతు తగ్గించాడు.

"సుందరన్నా, ఏంది గది? మళ్ల పెట్టిండ్రా?"

ఓడల కోసమంటే ఊరంతా నవ్వుతుంది. సుందర్‌రాజు తల గోక్కున్నాడు. "ఆఫీసు పని తమ్మీ. ఎవ్వలకు చెప్పకు."

ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాటను కూడా కలిపి యాదన్న ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ‘ఆంటీ’ అంటూ కొందరు, ‘అన్నా’ అంటూ కొందరు గేటు తోసుకొచ్చారు. దానికి యాంటెన్నా అని పేరు ఊరికే రాలేదు. సువార్తమ్మ చర్చి నుంచి వచ్చేసరికి మెట్ల మీద వరసగా సీసాలున్నాయి. బోరు నీళ్లు, బావి నీళ్లు, చెరువు నీళ్లు. పొగను కొలిచే మిషన్‌కు నీళ్లొక లెక్కా అని ఊరి ధీమా. రాజవ్వ బర్రె పాలు తెచ్చింది. అనుమానముంటే మళ్లీ పిండుకోవచ్చని బర్రెను కూడా గేటుకు కట్టేసింది.

"ప్రార్థనకు పోయొచ్చేవరకు ఇల్లు ల్యాబ్ జేసినవ్," అంది సువార్తమ్మ. "కూరేది?"

కూర లేదు. భార్యకు మాత్రం నిజం చెప్పాడు. ఆమె గొట్టాన్ని చూసింది, సీసాలను చూసింది, బర్రెను కాస్త ఎక్కువసేపు చూసింది. లోపలికి పోయి బోర్డు తెచ్చి గేటుకు ఆనించింది. తెల్లారితే గొట్టం దిగాలి, బోర్డు ఎక్కాలి అంది.

ఆ రాత్రి వాసన రాలేదు. ఊరు కిటికీలు తెరుచుకుని పడుకుంది.

పొద్దున్నే సుందర్‌రాజు పానా పట్టుకుని మిద్దె ఎక్కబోతుంటే గేటు ముందు కారు ఆగింది. అత్తరు కంపెనీ మేనేజరు దిగాడు. చేతిలో మిఠాయి, ముఖంలో చేదు. వెనకాలే యాదన్న, రాజవ్వ, సీసాల యజమానులంతా చేరారు. ఆయన వినయంగా రీడింగులు చూపించమన్నాడు. అసలు సంగతి బయటపడితే ఈ రాత్రికే వాసన తిరిగొస్తుంది, దాంతో పాటే ఇల్లూ పోతుంది. సుందర్‌రాజు ల్యాప్‌టాప్ తెరిచాడు. పటం మూల పెద్ద సున్నా.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. "సున్నానా? మరి ఏదైనా పడితే ఏం తెలుస్తుందండీ?"

సుందర్‌రాజు ఇక అబద్ధం ఆడదలచుకోలేదు. ఆడాల్సిన అవసరమూ రాలేదు. "పేరు పడ్తది సార్. ఎంత స్పీడుల, ఎటు దిక్కు పోతున్నదో పడ్తది. ట్యాంకర్ అయితే ట్యాంకర్ అని గూడ పడ్తది."

మేనేజరు ముఖం రంగు మారింది. కంపెనీ మురికి నీళ్ల ట్యాంకర్ లారీలు ఎక్కడ ఖాళీ అవుతాయో ఊరందరికీ అనుమానం, ఆయనకొక్కడికే తెలుసు. ఈ మిషన్ ఎన్నాళ్లుంటుందని అడిగాడు.

సుందర్‌రాజు పానా దాచుకునేలోగా సువార్తమ్మ ముందుకొచ్చింది. "తీసేది లేదు సార్. ఒక్కటన్న పడేదాక ఉంటది."

మిఠాయి డబ్బాను కూడా ఆమే కారులో పెట్టించి పంపింది. కారు మలుపు తిరిగాక సుందర్‌రాజు గుండె దిటవు చేసుకుని అందరికీ చెప్పేశాడు. ఇది పొగను పట్టేది కాదు, ఓడలను పట్టేది, అదీ ఇంతవరకు ఒక్కటీ పట్టలేదు. యాదన్న ఫోను తీసి, ఏమీ రాయకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వాట్సాప్ వచ్చాక అతనికిదే మొదటిసారి. రాజవ్వ మాత్రం నింపాదిగా బర్రె తాడు విప్పింది.

"ఓడ పడకుంటే ఏమాయె బిడ్డా. కంపెనీ పడ్డది గద."

ఊరు అక్కడే ఒట్టు పెట్టుకుంది, మిషన్ సంగతి ఊరు దాటకూడదని. యాదన్న కూడా మాట మీద నిలబడ్డాడు. అమ్మకం బోర్డును సువార్తమ్మ బోర్లా తిప్పి మిద్దె మీద పరిచి, దానిపైనే వడియాలు ఆరబెట్టింది. వాటికి చాలా ఏళ్ల తర్వాత వడియాల వాసనే వచ్చింది.

సెలవు దొరకగానే సుందర్‌రాజు రేడియో ముక్కను జేబులో వేసుకుని కాకినాడ పోయాడు. బావమరిది మిద్దె మీద గుచ్చగానే పటం నిండా ఓడలు. ఓడనివాడికి ఓడలే ఎదురొచ్చాయి. తనివితీరా చూసుకుని, రేడియోను ఎబెనేజర్‌కే ఇచ్చేసి ఇంటికొచ్చాడు.

ట్యాంకు పక్కన ఇప్పుడు ఖాళీ గొట్టం, ఖాళీ డబ్బా, అందులో పాత చార్జర్‌తో వెలిగే ఒక పచ్చలైటు ఉన్నాయి. రీడింగు ఈ రోజుకీ సున్నాయే.