పొడుగు పంక్తి పైన, పొట్టి పంక్తి కింద

కంప్యూటర్ గుండెకాయకు కన్నం పడటం మానవజాతికి గొప్ప మేలు. నవ్వకండి. రుజువు లేనిదే ఏదీ నమ్మకూడదని నలభై ఏళ్లు వాదించినవాణ్ణి. రుజువు చూపించే పోతాను.

ముందు కన్నం సంగతి. యంత్రాన్ని నడిపించే మూలభాగాన్ని కెర్నల్ అంటారు. బయటి నుంచి వచ్చే ప్రతి సమాచారపు మూటకూ అది మెమరీలో కాస్త చోటిస్తుంది. పని కాగానే ఆ చోటు వెనక్కి తీసుకుంటుంది. మేం వాడే కెర్నల్‌లో, నెట్‌వర్క్ పనులు చూసే ఒక మూలన మాత్రం, చోటు అప్పగించేశాక కూడా పాత చిరునామా పట్టుకుని అక్కడే రాసే అలవాటు మిగిలిపోయింది. లాడ్జి గది ఖాళీ చేసిన పెద్దమనిషి మారుతాళంతో తిరిగొచ్చి, కొత్తగా దిగినవారి మంచం మీద పడుకున్నట్టు! ఆ పెద్దమనిషి వేషంలో దొంగ కూడా రావచ్చు. పదకొండేళ్లు ఎవరూ గమనించలేదు. పదకొండేళ్ల ప్రశాంతత! ఏ ప్రభుత్వం ఇవ్వగలిగింది?

ఆ ప్రశాంతతను జ్డిస్లావా చెడగొట్టింది. బ్ర్నో నగరానికి గంట దూరంలోని మా చిన్న పట్టణంలో, వేడినీటి కేంద్రం కంప్యూటర్లు చూసే ఇంజనీరు ఆమె. మూడువేల నాలుగువందల ఇళ్లను వెచ్చబెట్టే రేడియేటర్లు ఆ కేంద్రం పంపే వేడినీళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి. నవంబరులో పంపుల కంప్యూటర్ రెండుసార్లు కుప్పకూలింది. తొమ్మిది రోజులు వెతికి ఆమె కన్నం కనిపెట్టింది. చిన్న దిద్దుబాటు రాసి, కెర్నల్‌లో ఆ భాగానికి సంరక్షకుడైన ఓల్డ్రిఖ్‌కు, నియమం ప్రకారం అందరూ చదివే బహిరంగ ఈమెయిల్ జాబితాలో పంపింది. ముందు తన కేంద్రంలోనే పెట్టుకోవచ్చుగా అంటారా? అధికారికంగా విడుదల కాని కెర్నల్ పెడితే కేంద్రం అనుమతి రద్దవుతుంది.

ఓల్డ్రిఖ్ మరునాడే జవాబిచ్చాడు. లోపం నిజమే. దిద్దుబాటు సరైనదే. చేర్చుకోవడం మాత్రం కుదరదు.

ఎందుకంటే, ఆ నెట్‌వర్క్ భాగంలో ఒక ఆచారం ఉంది. ప్రోగ్రాం మొదట, వాడబోయే విలువల పేర్లు ప్రకటించే పంక్తుల్లో అన్నిటికన్నా పొడుగుది పైన ఉండాలి, దాని కింద కాస్త పొట్టిది, అట్టడుగున మరీ పొట్టిది. దీన్ని తలకిందుల క్రిస్మస్ చెట్టు అంటారు. యంత్రానికి ఈ వరుసతో నిమిత్తం లేదు. అదే కెర్నల్‌లోని మిగతా భాగాలకూ పట్టింపు లేదు. జ్డిస్లావా పొట్టి పంక్తిని పైన పెట్టింది. ఎంత అపచారం! ఇలాంటివి సహిస్తే నాగరికత ఏమైపోతుంది?

దిద్దుబాటు వచ్చిందా అని బాయిలర్ దగ్గర పనిచేసే వెండెలీన్ రోజూ అడిగేవాడు. ఆమె చెట్టు సంగతి చెప్పింది.

"ఆ పని మా పిల్లి ఏటా ఉచితంగా చేసిపెడుతుంది, ఇంజనీరమ్మగారూ. చెట్టు నిలబెట్టిన గంటకే తలకిందులు" అన్నాడతను. తర్వాత మెల్లగా చెప్పాడు: "చలి తగిలితే మా ఆవిడకు ఊపిరాడదు. ఆ ముక్క కూడా రాయండి ఆయనకి. కావాలంటే పొడుగు పంక్తిలోనే రాయండి."

జ్డిస్లావా వరుస మార్చి పంపింది. అయితే ఒక పంక్తికి కావలసిన విలువ ఇంకో పంక్తి నుంచి వస్తుంది. వరుస మారేసరికి అది రాకముందే వాడేసినట్టయింది. చెట్టు కుదిరింది, దిద్దుబాటుకే కొత్త కన్నం పడింది! జాబితాలో దిద్దుబాట్లు చదివి సంతకం పెట్టే పరీక్షకులకు చెట్టు నచ్చింది. కన్నం ఆమెకే కనబడింది. మూడోసారి సరిచేసి పంపితే, శీర్షికలో ఒక పదం లేదన్నారు. నాలుగోసారి, కృతజ్ఞతలు చెప్పిన పంక్తి ఉండాల్సినచోట లేదన్నారు. ఐదోసారికి డిసెంబరు ఇరవై వచ్చింది, సంతకాలు మాత్రం రాలేదు.

ఇందులో మేలెక్కడుందని అడగకండి. పంపిన ప్రతిసారీ లోపాన్ని మునుపటికంటే విపులంగా వివరించాలన్నది ఇంకో నియమం. అంటే దొంగల కోసం దారి చూపే పటం, ఉచితంగా, ఐదు ముద్రణలు వెలువడింది. ప్రతి ముద్రణా సవరించినదీ, విస్తరించినదీ! విద్యావ్యాప్తికి ఇంతకంటే ఏం కావాలి? దిద్దుబాటు మీద వచ్చిన నలభై ఒక్క ఉత్తరాల్లో ముప్ఫైఎనిమిది పంక్తుల వరుస గురించే. మేధావుల మధ్య అంతటి ఏకాగ్రత నేనెన్నడూ చూడలేదు.

జ్డిస్లావా చివరికి ఓల్డ్రిఖ్‌కు ఫోన్ చేసింది. బయట చలి మైనస్ పదకొండు డిగ్రీలని చెప్పింది.

"మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా. కానీ మీకోసం ఒకసారి నియమం వదిలేస్తే రేపు అందరూ వదలమంటారు."

"అందరి పంపులూ ఆగిపోతున్నాయా, ఓల్డ్రిఖ్ గారూ?"

"పండగలు కానివ్వండి. జనవరి ఆరు దాకా ఇక్కడ ఎవరూ ఉండరు."

దొంగలు ఉన్నారు. వాళ్లకు పండగ సెలవులు లేవు. జనవరి మూడున, ఐదో ముద్రణ శ్రద్ధగా చదివిన ఎవరో ఆ కన్నంలోంచి వచ్చి పంపులు ఆపేశారు. మైనస్ పద్నాలుగులో రెండు రోజులు పట్టణం బిగుసుకుపోయింది. మంచినీళ్ల గొట్టాలు పగిలాయి. వెండెలీన్ తన భార్యను దుప్పట్లలో చుట్టి, నాలుగంతస్తులు మోసుకుంటూ దించి, ఆంబులెన్సు ఎక్కించాడు.

వార్త బయటికి పొక్కగానే ఓల్డ్రిఖ్ సెలవు మానుకుని వచ్చాడు. ఐదు ప్రతుల్లో మొదటిదాన్ని, పొట్టి పంక్తి పైనున్నదాన్ని, నలభై నిమిషాల్లో కెర్నల్‌లో చేర్చి విడుదల చేశాడు. ఎవరి సంతకమూ అడగలేదు. నవంబరులోనూ ఆ నలభై నిమిషాలే పట్టేవి.

మూడు వారాలకు జాబితాలో కొత్త దిద్దుబాటు వచ్చింది, స్వయంగా ఓల్డ్రిఖ్ పేరుతో. జ్డిస్లావా పంక్తులను పొడుగు పైన, పొట్టి కింద పెట్టడం తప్ప అందులో మరేమీ లేదు. ఈసారి విలువ తప్పకుండా జాగ్రత్తపడ్డాడు. ఏడుగురు పరీక్షకులు రెండు గంటల్లో చదివి సంతకాలు పెట్టారు. ఒక్క అభ్యంతరమూ రాలేదు. ఎనిమిదో సంతకం కోసం జ్డిస్లావాకూ ఉత్తరం వచ్చింది.

ఆమె అప్పటికి ఆసుపత్రి వరండాలో వెండెలీన్ పక్కన కూర్చుని ఉంది. ఫోన్‌లో అది చదివి, మూసి, అతని భార్యకు ఆక్సిజన్ ఎప్పుడు తీస్తారో కనుక్కోవడానికి లేచి వెళ్లింది.