బాయి దిగిన కారు

తెల్లవారగానే కారులో బయలుదేరాలి. లక్షెట్టిపేట దాటాక ఎక్కడైనా చెట్టు కింద ఆగి సద్ది తినాలి. పొద్దు గుంకకముందే బాసర చేరాలి. మర్నాడు వసంత పంచమి. పొద్దున్నే గోదావరిలో మునిగి, సరస్వతమ్మ ముందు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరం దిద్దించాలి. పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం మాఘమాసపు చలిలో ఇస్తారి వేసుకున్న పథకం ఇది. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కారు కదిలితే చాలు.

ఇస్తారి నస్పూర్ పక్కన బొగ్గుబాయిలో ఎలక్ట్రిక్ ఫిట్టర్. గనిని అక్కడివాళ్లు బాయి అనే అంటారు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇక పుట్టరనుకున్నాక పుట్టిన ఒక్కగానొక్క బిడ్డకు తన తల్లి పేరు చంద్రవ్వ అని పెట్టుకున్నాడు. తొలి అక్షరం బాసరలో, పంచమి నాడు, తండ్రి చెయ్యి పట్టి రాయిస్తాడని అతని భార్య మల్లక్క అప్పుడే మొక్కుకుంది. ఆ తండ్రికేమో అక్షరం ముక్క రాదు. ఎంత పెద్ద మోటారునైనా విప్పి బిగించే మనిషి, జీతాల రోజు బొటనవేలికి సిరా పూసుకుని నిలబడేవాడు. నిలబడినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది. బిడ్డకు ఆ గతి పట్టకూడదు. పంచమి దాటితే మళ్లీ ఏడాదికి గాని రాదు.

బస్సులో పోదామని మల్లక్క ముందే అన్నది. బదిలీ మీద పోతున్న అండర్ మేనేజరు దగ్గర పాత కారు కొన్నవాడు బస్సెందుకు ఎక్కుతాడు? "ఇంట్ల గాడి వెట్టుకొని బస్సుల పోతరే? నలుగురు నవ్వరా?" అన్నాడు. ఆ నలుగురికీ తనే ఇల్లిల్లూ తిరిగి ప్రయాణం సంగతి చెప్పి వచ్చాడు. అందుకే ఆ పొద్దున వాడకట్టంతా గొంగళ్లు కప్పుకుని వాకిళ్లలో నిలబడి ఉంది.

తాళం తిప్పితే ఇంజన్ కిర్రుమని మూలిగి ఊరుకుంది. హ్యాండిల్ పెట్టి తిప్పాడు. భుజం నొప్పి పుట్టింది తప్ప ఇంజన్‌లో ఏమీ పుట్టలేదు. హారన్ నొక్కితే మాత్రం ఊరు లేచేలా మోగింది. లైట్లూ వెలిగాయి.

"కరెంటుకు ఏం రోగం లేదు. సలికి ఇంజన్ గట్టిపడ్డది," అని తేల్చేశాడు ఇస్తారి.

మల్లక్క కొత్త చీర కట్టుకుని, పలక చంకన పెట్టుకున్న బిడ్డతో గడప దిగింది. కొంగు కొసన చిన్న ముడి ఉంది. దాని మీద చెయ్యి వేసి అడిగింది.

"ఏమయ్యా, బయలెల్లుడేనా?"

"ఇంకెక్కడి బయలెల్లుడే! కండ్లు కనవడ్తలెవ్వా?"

"అయితె గిది..."

"నడుమ నీ ముచ్చటేంది? లోపటికి పో!"

మల్లక్క ముడి మీది చెయ్యి తీసేసింది. లోపలికి మాత్రం పోలేదు.

తోస్తే స్టార్టవుతుందని వాడకట్టు తీర్మానించింది. పదిమంది పట్టి తోశారు. కారు వాలు మీదుగా దిగి, మూలమలుపు తిరిగి, ఎవరు ఆపినా ఆగకుండా పోయి, సరిగ్గా బాయి గేటు ముందు రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఇంజన్ అప్పటికీ కిక్కురుమనలేదు. వెనకాల సద్ది మూట నెత్తిన పెట్టుకుని మల్లక్క, ఆమె చెయ్యి పట్టుకుని చంద్రవ్వ నడిచి వచ్చారు.

అది మొదటి షిఫ్టు వాళ్లు బాయికి వచ్చే వేళ. బొగ్గుబాయి మనుషులకు చెడిపోయిన మిషన్ కనబడితే చేతులు ఊరుకోవు. ముందుగా వచ్చినవాడు బాయిలో నీళ్లు తోడే పంపు నడిపే రాయమల్లు.

"ఇస్తారన్నా, నా పంపు గూడ గిట్లనే మొండికేస్తది. పైపుల గాలి సొచ్చిందంటె సుక్క నీళ్లు గుంజది. నీ గాడి పెట్రోలు గుంజుత లేదు. గింత దానికి పరేషాన్ ఎందుకే?"

పెట్రోలు పైపు నట్టు విప్పి, పైపు నోట్లో పెట్టుకుని ఊది, దగ్గి, ఉమ్మాడు. విప్పిన నట్టును జేబులో వేసుకున్నాడు.

ఈ జేబు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ బాయిలో ఒక కట్టుబాటు ఉంది. మిషన్ మీద చెయ్యి వేసేవాడు ముందు దాని పానం తీసి తన జేబులో వేసుకోవాలి. ఫ్యూజో, పిన్నో, నట్టో, ఏదో ఒకటి. పని అయ్యేదాకా అది తన దగ్గరే ఉండాలి. లేకపోతే ఎవడో తెలియక మీట నొక్కుతాడు, లోపల చెయ్యి పెట్టినవాడి పని అయిపోతుంది. ఈ కట్టుబాటు పుట్టకముందు పనిలో చేరిన అంకయ్యకు చిటికెన వేలు సగమే ఉంది. కొత్తగా చేరినవాళ్లందరికీ ముందు ఆ వేలు చూపించేవారు. అందువల్ల అక్కడ దేవుడికి దండం పెట్టడం మరిచిపోయినవాడు ఉన్నాడు గాని, జేబులో వేసుకోవడం మరిచినవాడు లేడు.

పైపులోంచి పెట్రోలు కారింది. వాసన గుప్పుమంది. అంతలో సర్దార్ కొమురెల్లి వచ్చాడు. బాయిలో గ్యాసు ఉందో లేదో చూసి మనుషులను లోపలికి పంపేవాడు ఆయన. ఆయన ముక్కంటే అందరికీ భయం.

"ఆగుండ్రి! బీడీలార్పుండ్రి! పెట్రోలు గింత వాసనొస్తుంటె తీగలు గట్లనే ఉంచుతరా? పానాల మీద తీపి లేదా మీకు?"

బ్యాటరీ తీగ ఊడదీసి, చుట్ట చుట్టి, కోటు జేబులో పెట్టుకున్నాడు. అంతవరకు మోగిన హారన్ కూడా ఇప్పుడు మోగదు.

ఇక అంకయ్య వంతు. బొగ్గు డబ్బాలను తాడుతో పైకి గుంజే ఇంజన్ ఆయన చేతిలో ఉంటుంది. ఇంజన్ అనే మాట వినబడితే తనను పిలిచినట్టే అనుకుంటాడు.

"ప్లగ్గులు సలికి సచ్చిపోయినయి. జర ఎచ్చవెడితె గాడి గుర్రం లెక్క ఉరుకుతది!"

నాలుగు ప్లగ్గులూ పీకి గేటు ముందరి చాయ్ హోటల్ పొయ్యి మీద పెనం పెట్టించి వేయించాడు. హోటలాయన మొత్తుకున్నా వినలేదు. బాగా వేగాయనుకున్నాక గుడ్డలో చుట్టుకున్నాడు.

ఇస్తారి ఒక దగ్గర నిలబడలేకపోతున్నాడు. పొద్దెక్కుతోంది. ఒక్కొక్కరి వెనకా తిరుగుతూ మళ్లీ మళ్లీ ఒకటే మాట చెబుతున్నాడు.

"ఏమన్న జేసుకోండ్రి గని, కరెంటు దిక్కు మాత్రం పోకుండ్రి. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బ నిన్న పొద్దుగూకంగ నేనే తుడిసి మూతవెట్టిన. దాన్ని ఎవ్వలు ముట్టద్దు!"

కరెంటు సంగతిలో ఫిట్టర్ మాట కాక ఇంకెవరి మాట నమ్ముతారు? ఆ మూత ఎవరూ తీయలేదు. మల్లక్క మళ్లీ కొంగు పట్టుకుని దగ్గరికి వచ్చింది. "జర గిది సూడయ్యా," అన్నది. "నువ్వొక్కదానివి తక్కువున్నవ్ ఇంజన్ జూసుడు!" అని కసిరాడు.

సరిగ్గా అప్పుడు సైరన్ కూసింది.

సైరన్ తర్వాత ఒక్క నిమిషం ఆలస్యమైనా మస్టర్‌లో హాజరు పడదు. ఆ రోజు పని పోయినట్టే. రాయమల్లు ఉరికాడు. కొమురెల్లి ఉరికాడు. అంకయ్య గుడ్డమూట జేబులో కుక్కుకుంటూ అందరికంటే ముందు ఉరికాడు. గేటులో జేబులు తడిమేవాడు బీడీలకూ అగ్గిపెట్టెలకూ వెతికాడు గాని, ప్లగ్గులు పట్టుకుపోకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇస్తారి వెంటపడి గేటు దాకా పోయాడు. గేటువాడు కర్ర అడ్డం పెట్టాడు. హాజరు బిల్ల చూపిస్తేనే లోపలికి వదులుతాడు.

"నీ బిల్ల ఏదన్నా?"

"నేను సెలవుల ఉన్న."

"సెలవుల ఉన్నోనికి బాయిల ఏం పని?"

"నా కారు కిందికి దిగిందే!"

గేటువాడు మెడ సాచి రోడ్డు కేసి చూశాడు. "గాడ్నే ఉంది గద!"

"అది ఒట్టి డొక్క. దాని పానం కిందికి వోయింది!"

ఇతనికి బాసర కంటే ముందు దవాఖానా అవసరమని గేటువాడు అనుకున్నాడు. కర్ర తీయలేదు.

రోడ్డు మీద ఇంకో గోల మొదలైంది. చెన్నూరు నుంచి నిర్మల్ పోయే బస్సు వచ్చి కారు ముందు ఆగిపోయింది. అది బాయి గేటు దగ్గర ఏనాడూ ఆగే బస్సు కాదు. చెయ్యెత్తితే ఇంకా జోరుగా పోతుంది. "ఎవలదిరా గీ డబ్బ?" అని డ్రైవర్ అరిచాడు. ప్రయాణికులు దిగి కారును పక్కకు నెడుతుండగా మల్లక్క బిడ్డను ఎత్తుకుని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ఇస్తారి పరుగున వచ్చాడు. "దిగే! షిఫ్టు దిగంగనే బాగుజేసి నేను తీసుకపోత!"

"సరస్వతమ్మ నీ గాడి కోసం పంచమిని ఆపుతదా?" అన్నది మల్లక్క. తర్వాత కొంగు ముడి విప్పబోతూ కిటికీలోంచి చెయ్యి చాచింది. "ఇగో, గిదన్న తీసుకో."

కిటికీ కింద కొంగు కనబడక, మధ్యాహ్నానికి సద్ది మూటలోంచి సర్వపిండి ఇస్తోందనుకున్నాడు ఇస్తారి. అంతమంది ముందు పెళ్లాం చేతి సద్ది తీసుకుని కూర్చోవడం అతనికి నామోషీ. "నాకేం వద్దు పో! నీ ఎనుకనే కారుల వస్త సూడు!"

బస్సు పోయింది. చంద్రవ్వ వెనక అద్దంలోంచి పలక ఊపింది. అది కనుమరుగయ్యేదాకా ఇస్తారి రోడ్డు మీదే నిలబడ్డాడు.

షిఫ్టు దిగేదాకా అతను కారు చుట్టూ తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు, చాయ్ తాగాడు. చాయ్ పెట్రోలు వాసన వచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ బానెట్‌లోకి తొంగిచూసి, "అన్నీ పీకినంక ఎట్ల నడుస్తదే?" అని అదేదో తను మొదటిసారి కనిపెట్టినట్టు చెప్పి పోయాడు.

సాయంత్రం ముగ్గురూ పైకి వచ్చారు. మొహాలు నల్లగా ఉన్నా మనసులో కల్మషం లేదు. ఎవరి జేబులోది వాళ్లు తీశారు. నట్టు బిగిసింది. తీగ తగిలింది. ప్లగ్గులు కూర్చున్నాయి. హారన్ మళ్లీ ఊరు లేచేలా మోగింది. ఇస్తారి దండం పెట్టి తాళం తిప్పాడు.

కిర్రుమని మూలిగి ఊరుకుంది.

ముగ్గురూ తమ జేబులు ఇంకోసారి తడుముకున్నారు. చివరికి కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు.

"ఇస్తారీ, మేం ముగ్గురం జేబులు కాళీ జేసినం. నిన్న పొద్దుగూకంగ నువ్వు గూడ దీంట్ల చెయ్యి వెట్టినంటివి గద. నీ జేబుల ఏముందే?"

ఇస్తారి చెయ్యి జేబు మీదికి పోయింది. నిన్నటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కరెంటు పంచే డబ్బా తుడిచేముందు, ఏళ్ల తరబడి వచ్చిన అలవాటు కొద్దీ, లోపల గిర్రున తిరిగే రోటర్ ముక్కను తీసి జేబులో వేసుకున్నాడు. ఆ అంగీ ఉతుక్కి వేస్తూ రోటర్‌ను మల్లక్క చేతిలో పెట్టాడు. "ఇది గాడి పానం. పైలంగ ఉంచు. ఎవ్వలడిగినా ఇయ్యకు. బయలెల్లేటప్పుడు నాకియ్యి," అని చెప్పాడు. ఆమె పొద్దున్నుంచీ అదే పని మీద ఉంది.

"నా జేబుల లేదు," అన్నాడు నీరసంగా. "మల్లక్క కొంగుల ఉంది."

"మరి మల్లక్క ఏది?"

"ఈపాటికి నిర్మల్ దాటుతుంటది."

అంకయ్య సగం వేలితో నెత్తి గోక్కున్నాడు. "శబాష్! పానం దాని తొవ్వ అది వట్టుకొని పోయింది. డొక్క మనకు మిగిలింది," అన్నాడు.

నిర్మల్ వైపు పోయే బొగ్గు లారీని కొమురెల్లే ఆపాడు. ఇస్తారి బొగ్గు మీద ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా అతనికి ఒకటే దిగులు. కారు పోతే పోయింది, బిడ్డ చెయ్యి వేరేవాడు పడతాడేమో!

తెల్లవారి బాసరలో గుడి ముందు వరుసలో నిలబడ్డ మల్లక్క, తలనుంచి కాళ్ల దాకా నల్లగా వస్తున్న మనిషిని చూసి ముందు పక్కకు జరిగింది. తర్వాత పోల్చుకుంది.

"కారుల వచ్చినవా?" అని అడిగింది.

ఇస్తారి అంగీ దులుపుకున్నాడు. బొగ్గు రాలింది.

"జర మొకం కడుక్కొని రా పో. సరస్వతమ్మ గుర్తు వట్టాలె గద!"

ఒక్క పరుగున గోదావరిలో మునిగి వచ్చాడు. చంద్రవ్వను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. బియ్యం పోసిన పళ్లెం ముందుకు వచ్చింది. బిడ్డ చూపుడు వేలు పట్టుకుని ఎటు కదపాలో తెలియక ఆగిపోయాడు. పూజారి అది గమనించి తన చెయ్యి అతని చెయ్యి మీద వేసి కదిపాడు. బియ్యంలో ఓంకారం పడింది. పూజారి చెయ్యి కింద ఇస్తారి చెయ్యి, దాని కింద చంద్రవ్వ వేలు. అది తన తొలి అక్షరం కూడానని ఇస్తారికి తెలిసింది. కళ్ల వెంట నీళ్లు కారి, సరిగా పోని బొగ్గును చారలు చారలుగా కడిగాయి.

"బాపూ, నీకు గూడ వచ్చిందే!" అన్నది చంద్రవ్వ.

బయటికి వచ్చాక మల్లక్క కొంగు ముడి విప్పి, అరచేతిలో రోటర్ పెట్టి చాచింది. "ఇగో నీ గాడి పానం. బయలెల్లేటప్పుడు ఇయ్యమంటివి. ఇప్పుడు బయలెల్లుతున్నం."

ఇస్తారి దాని వంక చూశాడు. అవతల నిర్మల్ బస్సు హారన్ కొడుతోంది. బిడ్డను భుజాన ఎక్కించుకుని అటు నడిచాడు. మల్లక్క రోటర్‌ను మళ్లీ కొంగున ముడివేసుకుంది. ఈసారి దాచమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.