లేచి నిలబడే మనిషి

సుక్కమ్మ పోయిన రోజు, ఆమె భర్త మల్లేశయ్యకు బీపీ బాగా పెరిగిందని డాక్టర్ మాత్ర మోతాదు రెట్టింపు చేశాడు. నెల మాసికం కూడా అయిపోయింది. దుఃఖం ఉన్నచోటే ఉంది గాని బీపీ దిగినట్టుంది; మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. మాత్ర తగ్గించాలేమో దవాఖానకు పోయి అడగాలని ఆ పొద్దున అనుకున్నాడు. చెప్పుల కోసం గబుక్కున లేచి, గడప దగ్గర పడ్డాడు.

దెబ్బేమీ తగల్లేదు. కానీ ఎదురింటి మారెమ్మ చూసింది.

"ఓ రేణుకా! మీ మామ పడ్డడే!" అన్న కేక ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా పోయింది.

కోడలు రేణుక వచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. "కదలకు మామా. నీ కొడుకు ఆదిభట్లకెల్లి రాత్రికి రాంగనే దవాఖానకు తీస్కపోతడు."

కదలకుండానే ఉండేవాడు. కానీ సర్కారు ఆఫీసులో ముప్పయ్యేళ్లు అటెండరు చేసిన మనిషి. గుమ్మంలో ఎవరు కనబడ్డా లేచి నిలబడటం మోకాళ్లకు అలవాటు. ప్లాట్లు అమ్మిపెట్టే బుగ్గయ్య పరామర్శకు రాగానే లేచాడు, మంచం మీదే కూలబడ్డాడు.

"నేను రాంగనే పడ్డవేందే?" అని నొచ్చుకున్న బుగ్గయ్య బయటికి పోయి, రెండోసారి పడ్డాడని చెప్పాడు. రెండోసారి పడ్డందుకు కొత్తగా నలుగురొచ్చారు. వాళ్లను చూసి మల్లేశయ్య లేచాడు.

సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజులు. మధ్యాహ్నానికి కబురు పాకి తుర్కయాంజాల్‌లో ఆయనకు పక్షవాతం వచ్చింది, మీర్‌పేట్‌లో మాట పడిపోయింది. మీర్‌పేట్ నుంచి దిగిన మేనకోడలు పూజిత వాకిట్లోనే ఏడుపు అందుకుంది.

"ఊకో బిడ్డా, మాట్లాడుతున్న గద."

"పోయే ముందల గిట్లనే మాట్లాడుతరు!" అని పూజిత ఇంకా గట్టిగా ఏడ్చింది.

"జర ఆటో పిలువుండ్రి. దవాఖానకు పోవాలె" అన్నాడు మల్లేశయ్య.

"గింతమంది ఇంటికొస్తే ఇడ్సిపెట్టి పోతావే?" అని మారెమ్మ గదమాయించింది.

సాయంత్రం అదే ఆఫీసులో జీపు నడిపిన అబ్దుల్ కరీం వచ్చాడు. మల్లేశయ్య లేవబోయాడు.

"కూసో! బీపీ గోలీ ఏస్కొని గట్ల దిగ్గున లేస్తరా? సుక్కమ్మ చెల్లె రోజూ మొత్తుకునేది గదా!"

మల్లేశయ్య ఆగిపోయాడు. రోజూ పొద్దున ఆమె భుజం మీద చెయ్యేసి, "జర ఆగి లెవ్వు" అనేది. చాదస్తమనుకుని చెయ్యి తోసేసేవాడు. భుజం తడుముకుని, ఆ రోజుకు మొదటిసారి, కూర్చునే ఉన్నాడు.

"ఏం ఫికర్ చెయ్యకు. పా, ఇప్పుడే పోదాం దవాఖానకు" అంటూ కరీం దిగ్గున లేచాడు. ఆయనదీ బీపీ గోలీయే. కళ్లు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్న బుగ్గయ్య ఒళ్లో పడ్డాడు.

ఈసారి మారెమ్మ కేక వేయాల్సిన పని లేకపోయింది. ఊరంతా అక్కడే ఉంది. చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టి, జనం కరీంను లేపుకుని ఆయన ఇంటిదారి పట్టారు.

మర్నాడు మల్లేశయ్య నెమ్మదిగా లేచి, కరీంను పరామర్శించి వచ్చాడు. డాక్టర్‌ను మాత్రం ఇద్దరిలో ఎవరూ ఇంకా అడగలేదు.