తడి రుజువు కావలెను

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆ పెద్దల కాలంలో ల్యాప్‌టాప్‌లు లేవు కాబట్టి అంతటితో ఊరుకున్నారు. నీరు ల్యాప్‌టాప్‌లోకి దిగితే ఆ సంగతి ఎరగాల్సింది పల్లమూ కాదు, దేవుడూ కాదు. ఆస్తుల రక్షణ విభాగంలోని ద్రవ ప్రమాదాల పరిశీలకుడు. ఆయన స్వయంగా చూసి తడిసిందని ధ్రువీకరించేదాకా నీటి సరఫరా కార్యాలయంలో ఏ వస్తువూ తడిసినట్టు కాదు. (పోయిన వానాకాలం పైకప్పు కారి కుర్చీలన్నీ నానిపోయినప్పుడు ఆయన సెలవులో ఉన్నారు. కనుక ఆ కుర్చీలు నేటికీ పొడిగానే ఉన్నాయి. సిబ్బంది మాత్రం నిలబడి పని చేసుకుంటున్నారు.)

ఆ కార్యాలయంలో పైపులు ఎక్కడెక్కడ వేయాలో పటాలు గీసే ఆవిడ ఒకరున్నారు. అందరూ ఆవిడను మ్యాపులమ్మ అంటారు. ఊళ్ళో కొత్త పైపులు వేసే పథకం ఒకటి వచ్చింది. గడువులోగా పటం అందిన వీధికి పైపు. అందని వీధికి ఓపిక. మ్యాపులమ్మ ఎండనక వాననక తిరిగి, కుక్కల చేత తరిమించుకుని, ఊరికి ఆ కొసన ఉన్న చివరి వీధి పటం గీసింది. ఆ వీధి పుట్టి బుద్ధెరిగాక పైపు మొహం చూడలేదు. ట్యాంకర్ వస్తే బకెట్లతో పరుగెత్తడం, రాకపోతే బకెట్ల పక్కన కూర్చోవడం అక్కడివాళ్ళ దినచర్య. అలా పరుగెత్తి మోకాళ్ళు అరగదీసుకున్న వాళ్ళలో మ్యాపులమ్మ పిన్ని కూడా ఉంది. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన పిన్ని కాబట్టి, ఈ ఒక్క పటం విషయంలో మ్యాపులమ్మకు జీతానికి మించిన పట్టుదల ఉండేది.

పటాలకు నకళ్ళు తీయకూడదని నియమం. ఏ ల్యాప్‌టాప్‌లో గీస్తే అందులోంచే పై ఆఫీసుకు పంపాలి. (మన మురుగు కాలువల వివరాలు శత్రువుల చేతికి చిక్కుతాయేమోనని ముందుచూపు.) గడువుకు ఇంకా ఒక రోజు ఉంది. పంపే ముందు ఒక్కసారి సరిచూసుకుందామని పటం తెరిచిన మ్యాపులమ్మకు పిన్ని ఫోన్ చేసింది. ఫోన్ అందుకునే తొందరలో మోచెయ్యి తగిలి, గ్లాసుడు నీళ్ళు కీబోర్డు మీద బోర్లా పడ్డాయి.

"ఏంటే ఆ చప్పుడు?" అంది పిన్ని.

"నీళ్ళు ఒలికాయి పిన్నీ."

"ఒలకబోసుకునేన్ని ఉన్నాయన్నమాట మీ ఆఫీసులో. సరే గానీ, మా వీధి పంపావా లేదా?"

"పంపుతున్నా. మళ్ళీ చేస్తాను, ఉండు."

పక్క బల్ల దగ్గర నిలబడే పెద్ద గుమస్తా అనుభవశాలి. ఆయన ఒక్క ఉదుటున వచ్చి తీగ పీకేశాడు. ల్యాప్‌టాప్ ఆపేసి, తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు తువ్వాలు మీద బోర్లించాడు. నీళ్ళు చుక్కచుక్కగా కిందికి దిగాయి. ఇద్దరూ కలిసి తుడిచి, ఫ్యాను కింద పెట్టారు.

"రేప్పొద్దుటి దాకా దీన్ని ముట్టుకోకు చెల్లెమ్మా. శుభ్రంగా ఆరిపోతుంది," అన్నాడు గుమస్తా. "ఇంకో మాట. ఎవరికీ చెప్పకు."

"చెప్పాలి కదన్నయ్యా, రూలు ఉంది."

"రూలు ఉంది కాబట్టే చెప్పకు అంటున్నా."

మ్యాపులమ్మ ఉద్యోగంలో చేరిన నాటినుంచి నిజాయితీ అనే జబ్బుతో బాధపడుతోంది. కార్యాలయం వారి తడి ఫిర్యాదుల యాప్ ఫోన్‌లో తెరిచి, అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. ద్రవం: మంచినీళ్ళు. పరిమాణం: గ్లాసు నిండా. ఆ సమయంలో యంత్రం: ఆన్‌లో ఉంది. యాప్ ఆవిడకు ధన్యవాదాలు తెలిపి, ఎటువంటి పరిస్థితుల్లోనూ తడిని చెరపరాదని సూచించింది. (ఈ సూచన చివర్లో వస్తుంది. మొదట్లో పెడితే ఎవరూ ఫిర్యాదు చేయరని విభాగం అధ్యయనంలో తేలింది.)

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ లేచింది. తెర వెలిగింది, పటం ఎక్కడిదక్కడే ఉంది, చివరి వీధి పొడుగునా నీలం గీత నిక్షేపంగా ఉంది. మ్యాపులమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. 'పంపు' అన్న చోట నొక్కింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'ఈ యంత్రం తడి విచారణలో ఉన్నది. విచారణ ముగియువరకు ఏమియు పంపరాదు.'

"చెప్పానా," అన్నాడు గుమస్తా.

మధ్యాహ్నం దాటాక పరిశీలకుడు వేంచేశారు. సన్నటి మనిషి, సంచిలో భూతద్దం, మెడలో రెండు గుర్తింపు కార్డులు. (ఒకటి తడిస్తే రెండోది.) ఆయన ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసి నిమిరారు. పరామర్శకు వచ్చినవారి మొహం పెట్టారు.

"తడి ఏదండీ?"

"ఆరిపోయింది సార్. తుడిచాం."

"ఎవర్నడిగి తుడిచారు?"

"తుడవకపోతే పాడైపోతుంది కదా సార్."

"పాడవడం, పాడవకపోవడం మరమ్మతుల విభాగం చూసుకుంటుంది మేడమ్. నాది తడి. మీరు తడిసిందన్నారు, నాకేమో పొడిగా కనిపిస్తోంది. తడి రుజువైతే ఈ క్షణంలో విచారణ మూసేస్తాను. రుజువు కాకపోతే ఇది తప్పుడు ఫిర్యాదు. దానికి వేరే కమిటీ ఉంది."

"ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"కుర్చీలు తడిసినట్టు రుజువయ్యాక."

మ్యాపులమ్మకు ఒళ్ళు మండింది. కానీ మండే ఒంటితోనే గడియారం చూసింది. సాయంత్రానికి ఎంతో దూరం లేదు. "పోనీ, ఏదైనా దారి చెప్పండి సార్. నాలుగొందల గడప నీళ్ళ సంగతి," అంది.

పరిశీలకుడు మెత్తబడ్డారు. ఆయన దుర్మార్గుడు కాదు; ఆయనకూ ఇంట్లో కుళాయి ఉంది. "ఘటన పునర్నిర్మాణం అని ఒక వెసులుబాటు ఉంది," అన్నారు. "నా ఎదుట మళ్ళీ తడిపితే, చూసి ధ్రువీకరిస్తాను. ధ్రువీకరించగానే పంపడానికి అనుమతి వచ్చేస్తుంది."

"మూలకు పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని తడిపి చూపిస్తాం," అన్నాడు గుమస్తా.

"తడవని యంత్రాన్ని తడిపే అధికారం నాకు లేదండీ. ప్రభుత్వ ఆస్తి."

"దీన్నే ఆఫ్ చేసి తడుపుతాం సార్," అంది మ్యాపులమ్మ.

"ఆన్‌లో ఉందని మీరే చెప్పారు."

"నాలుగు చుక్కలు చల్లితే?"

"గ్లాసు నిండా అన్నది కూడా మీరే." ఆయన నొచ్చుకున్నారు. "నేను సొంతంగా ఒక్క చుక్క కలపడం లేదు మేడమ్. అన్నీ మీరు చెప్పినవే."

వద్దంటే పటం ఎలాగూ కదలదు. ఊఁ అంటే, ఒకసారి బతికింది రెండోసారి బతక్కపోతుందా అన్న ఆశ ఒకటుంది. మ్యాపులమ్మ తువ్వాలు భుజాన వేసుకుంది. గుమస్తా తీగ దగ్గర వేటగాడిలా కాపు వేశాడు. పరిశీలకుడు కార్యాలయం కూలర్ నుంచి గ్లాసు నిండా పట్టించి, వంగి అంచు సరిచూసి, కొంచెం వెలితిగా ఉందని ఇంకాస్త పోయించారు.

మ్యాపులమ్మ పోసింది. నీళ్ళు కీబోర్డు మీద పరుచుకుని, సందుల్లోంచి లోపలికి దిగాయి. గుమస్తా తీగ పీకబోయాడు.

"ఆగండి, తనిఖీ ముగియలేదు," అన్నారు పరిశీలకుడు, భూతద్దం బయటికి తీస్తూ.

తెర మీద చివరి వీధి నీలం గీత ఒకసారి వణికింది. తర్వాత వీధి పోయింది. తర్వాత ఊరు పోయింది. లోపల ఎక్కడో చిన్నగా టప్‌మన్నది.

పరిశీలకుడు వేలితో కీబోర్డును తాకి, వేళ్ళు రుద్ది చూసుకుని, తృప్తిగా తలాడించారు. "తడి రుజువైంది. విచారణ ముగిసింది," అన్నారు. "మీరిక నిరభ్యంతరంగా పంపుకోవచ్చు. అనుమతి మీ తెర మీదికే వస్తుంది." అందరితో కరచాలనం చేసి, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయారు.

గడువు దాటిన కాసేపటికి పిన్ని ఫోన్ చేసింది. మ్యాపులమ్మకు అప్పటికి కోపం చల్లారి సిగ్గు మిగిలింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. పిన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీలేవే," అంది చివరికి. "ఆ నీళ్ళు ఎవరికి పోసినట్టు లెక్క?"

"మీ వీధికే పిన్నీ. మీ పటం మీదే కదా పోశాం."

ఏడాది చివర కార్యాలయం తన విజయాలను ప్రకటించినప్పుడు, తడి విచారణలన్నీ పరిష్కారమయ్యాయని పరిశీలకుడికి శాలువా కప్పారు. చివరి వీధి ఊసు ఎవరూ ఎత్తలేదు గానీ, ఎత్తి ఉంటే అదీ చెప్పుకోదగ్గ సంగతే. ఆ వీధి నిమిత్తం నీటి సరఫరా కార్యాలయం ఇంతవరకు విడుదల చేసిన నీళ్ళు రెండు గ్లాసులు: మొదటిది పొరపాటున, రెండోది నిబంధనల ప్రకారం.